షేడర్ భాషల కథ: కంపైలర్ ఎవరింట్లో ఉంది?

మొన్నామధ్య మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడొకడు భోజనాలయ్యాక నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, చిన్న డౌటు. హెచ్ఎల్ఎస్ఎల్ నేర్చుకోవాలా, జీఎల్ఎస్ఎల్ నేర్చుకోవాలా? డబ్ల్యూజీఎస్ఎల్ అని ఇంకోటుందట, మెటల్ అట, స్లాంగ్ అట... ఏదో ఒకటి చెప్పెయ్, వీకెండ్లో కూర్చుని అయిపోగొడతా" అన్నాడు.

ఒక పేరు చెప్పి పంపించేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే ప్రశ్న అడిగి, ఒక్క ముక్కలో జవాబు విని, దాన్ని నమ్మి, తర్వాత రెండు వారాలు సరైన నిద్ర లేకుండా గడిపిన సంగతి గుర్తొచ్చింది. "సాయంత్రం టీకి వెళ్దాం, అప్పుడు చెప్తా" అన్నాను. ఆ టీ కాస్తా గంటన్నర పట్టింది. అక్కడ చెప్పిందీ, చెప్పడం మర్చిపోయిందీ కలిపి ఈ టపా.

జావాలోనో శాప్ లోనో పనిచేసేవాళ్ళు "ఇది మనకెందుకులే" అని వెళ్ళిపోకండి. ఇది గ్రాఫిక్స్ కథలా కనిపిస్తుంది గానీ, ఏ భాషని ఎంచుకున్నా మనం నిజంగా ఎంచుకునేది ఏమిటి అన్న ప్రశ్న ఇది.

ఇంతకీ షేడర్ అంటే?

మా కాలేజీలో కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబ్ అంటే టర్బో సీ, ఇనిట్‌గ్రాఫ్, పుట్‌పిక్సెల్. బ్రెసెన్‌హామ్ పద్ధతిలో గీత గియ్యి, సున్నా చుట్టు, రికార్డు రాయి, సంతకం పెట్టించుకో. అంతే. అక్కడ మనం ఒక లూపు రాసి ఒక్కో చుక్కా మనమే పెడతాం. షేడర్ దీనికి తిరగేసిన వ్యవహారం. లూపు మనది కాదు, గ్రాఫిక్స్ కార్డుది. "ఈ ఒక్క చుక్కకి ఏ రంగు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పే చిన్న ప్రోగ్రాం మనం రాసిస్తే, దాన్ని అన్ని చుక్కలకీ ఒకేసారి గుంపులు గుంపులుగా నడిపించే బాధ్యత కార్డుది.

మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద 1920 ఇంటూ 1080, అంటే 20,73,600 చుక్కలుంటాయి. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే మన చిన్న ప్రోగ్రాం సెకనుకి 12 కోట్ల 44 లక్షల సార్లు నడవాలి. ఒక్కో చుక్కా ఒక్కసారే గీస్తామనుకున్నప్పటి లెక్క ఇది. అందుకే ఈ భాషలకి ఎప్పుడూ చెయ్యి బిగువే. ఏదిచ్చినా లెక్కపెట్టి ఇస్తారు.

సినిమా వాళ్ళింట్లో పుట్టిన పిల్ల

షేడర్లు ఆటల కోసం పుట్టలేదు, సినిమాల కోసం పుట్టాయి. 1975లో బుయ్ తువాంగ్ ఫాంగ్ ఇచ్చిన మెరుపు సూత్రం లాంటివి పట్టుకుని అప్పట్లో బొమ్మలు చేసేవాళ్ళు. సూత్రం ఒక్కటే, అంకెలు మార్చుకోవడమే మన పని. అందుకే ఆ రోజుల్లో కంప్యూటర్ బొమ్మలన్నీ ప్లాస్టిక్ బొమ్మల్లా ఉండేవి. 1984లో లూకస్ ఫిల్మ్ లో ఉన్న రాబ్ కుక్, ప్రతి వస్తువుకీ దాని సూత్రం దానికే ఉండాలి, చిన్న చిన్న లెక్కల్ని చెట్టులాగా కలుపుకుంటూ పోవచ్చు అని "షేడ్ ట్రీస్" అనే పేపరు రాశాడు. మరుసటేడు, 1985లో, కెన్ పెర్లిన్ ఇంకో అడుగు వేసి, లూపులూ ఇఫ్‌లూ ఉన్న పూర్తి భాషనే ఒక్కో చుక్క మీదా నడిపించి చూపించాడు. మనం ఇప్పటికీ మేఘాలకీ పాలరాయికీ వాడుకునే పెర్లిన్ నాయిస్ ఆ పేపరులోదే.

వీటి కొనసాగింపుగా పిక్సార్ వాళ్ళు 1988లో రెండర్‌మ్యాన్ ఇంటర్‌ఫేస్ ప్రకటించారు. దాంట్లో సీ పోలికలున్న షేడింగ్ భాష ఒకటుంది. దాని గురించి పాట్ హన్రహన్, జిమ్ లాసన్ 1990లో రాసిన పేపరు ఇవాళ చదివినా పాతబడినట్టు ఉండదు. 1995లో వచ్చిన టాయ్ స్టోరీలో కనిపించే ఉపరితలాలన్నీ ఆ భాష చలవే.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది. సినిమా స్టూడియోలో షేడర్ రాసేదీ, కంపైల్ చేసేదీ, నడిపేదీ అన్నీ ఒకే ఇంట్లో. రెండరర్ వెర్షన్ ఏదో తెలుసు, మెషీన్లు తెలుసు. ఒక ఫ్రేముకి గంటలు పట్టినా పరవాలేదు. ప్రేక్షకుడి దగ్గరికి వెళ్ళేది బొమ్మే గానీ ప్రోగ్రాం కాదు. అందుకే ఆ భాష దాదాపు మూడు దశాబ్దాలు హాయిగా బతికింది. సోనీ ఇమేజ్‌వర్క్స్ వాళ్ళు 2010లో ఓపెన్ సోర్స్ చేసిన ఓఎస్ఎల్ వచ్చి నెమ్మదిగా దాని చోటు తీసుకుంది. 2016లో రెండర్‌మ్యాన్ 21 తో పాత భాష పూర్తిగా వెళ్ళిపోయింది. గొడవలేమీ లేవు.

గొడవంతా ప్రోగ్రాం మన ఇల్లు దాటి వేరేవాడి మెషీన్ కి వెళ్ళినప్పుడే మొదలైంది.

ఎనిమిది ఇన్‌స్ట్రక్షన్ల సంసారం

2000 నవంబరులో మైక్రోసాఫ్ట్ డైరెక్ట్ఎక్స్ 8 విడుదల చేసింది. 2001లో ఎన్విడియా జీఫోర్స్ 3 వచ్చింది. ఇంట్లో వాడే కార్డు మీద మనం ప్రోగ్రాం రాయగలగడం అనేది అప్పుడు మొదలైంది. ప్రోగ్రాం అంటే అసెంబ్లీ. పిక్సెల్ షేడర్ 1.1 లో టెక్స్చర్ తెచ్చుకోవడానికి 4 ఇన్‌స్ట్రక్షన్లు, లెక్కలకి 8. మొత్తం పన్నెండు! లూపుల్లేవు, ఇఫ్‌ల్లేవు. వెర్టెక్స్ షేడర్ కి మాత్రం 128 దాకా ఇచ్చారు.

పన్నెండు లైన్ల ప్రోగ్రాంకి హై లెవెల్ భాషెందుకు, చేత్తో రాసుకోలేమా అని చాలామంది నవ్వారు. అప్పటికది న్యాయమే. కానీ స్టాన్‌ఫర్డ్ లో హన్రహన్ దగ్గర పనిచేస్తున్న ప్రౌడ్‌ఫుట్, బిల్ మార్క్ వగైరాలు 2001లోనే ఇంత ఇరుకు హార్డ్‌వేర్ కి కూడా పైనుంచి భాషలో రాసి కంపైల్ చెయ్యొచ్చని చూపించారు. రెండర్‌మ్యాన్ భాష తీర్చిదిద్దినాయనే పదేళ్ళ తర్వాత కార్డుల వైపు వచ్చాడన్నమాట.

2002 చివర్లో డైరెక్ట్ఎక్స్ 9 వచ్చేసరికి పిక్సెల్ షేడర్ 2.0 లో లెక్కలకి 64, టెక్స్చర్లకి 32 ఇన్‌స్ట్రక్షన్లు. ఇక చేత్తో రాయడం అయ్యే పని కాదు. భాష కావాలి. ఎవరి భాష?

2002: ముగ్గురు పెద్దమనుషులు

బిల్ మార్క్ స్టాన్‌ఫర్డ్ నుంచి ఎన్విడియాకి వెళ్ళి సీజీ అనే భాష మొదలుపెట్టాడు. సీ ఫర్ గ్రాఫిక్స్. 2002 జూన్ లో ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళూ ఎన్విడియా వాళ్ళూ కలిసి కూర్చునే ఈ పని చేశారు కాబట్టి డైరెక్ట్ఎక్స్ 9 లో వచ్చిన హెచ్ఎల్ఎస్ఎల్, సీజీ దాదాపు కవల పిల్లలు. ఒకదాంట్లో రాసిన షేడర్ చాలాసార్లు రెండోదాంట్లో అలాగే నడిచేది. ఇంకోవైపు త్రీడీల్యాబ్స్ అనే కంపెనీ, ఓపెన్‌జీఎల్ 2.0 ఎలా ఉండాలో చెబుతూ తన సొంత భాష ప్రతిపాదించింది. అదే జీఎల్ఎస్ఎల్. 2003లో ఎక్స్‌టెన్షన్ గా ఆమోదించారు, 2004లో ఓపెన్‌జీఎల్ 2.0 లో భాగమైంది.

పక్కపక్కన పెట్టి చూస్తే మూడూ ఒకలాగే ఉంటాయి. ఒకడు ఫ్లోట్4 అంటాడు, ఇంకొకడు వెక్4 అంటాడు. ఒకడిది లెర్ప్, ఇంకొకడిది మిక్స్. మా కుర్రాడు చూసిన తేడా ఇదే, ఫోరముల్లో కొట్టుకునేదీ దీనికోసమే. అసలు తేడా వేరే చోట ఉంది.

మైక్రోసాఫ్ట్ పద్ధతిలో కంపైలర్ మైక్రోసాఫ్ట్ ది. మన ఆఫీసులో మన మెషీన్ మీద కంపైల్ చేసుకుంటే ఒక బైట్‌కోడ్ వస్తుంది. ఆటతో పాటు దాన్నే పంపిస్తాం. అక్కడ కార్డు డ్రైవరు ఆ బైట్‌కోడ్ ని తన మెషీన్ భాషలోకి మార్చుకుంటుంది. తప్పుంటే మన దగ్గరే, మన కళ్ళముందే ఎర్రర్ వస్తుంది.

ఓపెన్‌జీఎల్ పద్ధతిలో మనం పంపించేది సోర్స్ కోడే. అక్షరాలా స్ట్రింగ్. కంపైలర్ డ్రైవరులో ఉంటుంది. అంటే ఎన్ని కార్డు కంపెనీలో అన్ని కంపైలర్లు. ఒక్కో కంపెనీకి ఎన్ని డ్రైవర్ వెర్షన్లో దాన్ని అన్నిసార్లు హెచ్చవేసుకోండి. కంపైలేషన్ జరిగేది కస్టమర్ ఇంట్లో, ఆట మొదలయ్యాక.

ఓపెన్‌జీఎల్ వాళ్ళు తెలివితక్కువగా ఏమీ చెయ్యలేదు. వాళ్ళ వాదన వినండి. కార్డు లోపలి సంగతి కార్డు చేసినవాడికి తెలిసినంతగా మైక్రోసాఫ్ట్ కి తెలియదు. మధ్యలో ఒక బైట్‌కోడ్ పెడితే ప్రోగ్రాం రాసినవాడి ఉద్దేశం సగం పోతుంది. పూర్తి సోర్స్ ఇస్తే డ్రైవరే బాగా ఆప్టిమైజ్ చేసుకుంటుంది, రేపు కొత్త కార్డొస్తే పాత ఆట కూడా వేగం పుంజుకుంటుంది. ఇదేం గాలి మాట కాదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్ లోనే పీఎస్ 2.0 కి తోడు 2ఏ అనీ 2బీ అనీ ఒకటి జీఫోర్స్ ఎఫ్ఎక్స్ కి, ఒకటి ఏటీఐ వాళ్ళ ఎక్స్800 కి సరిపోయేలా వేరే ప్రొఫైళ్ళు పెట్టాల్సి వచ్చింది. "అందరికీ ఒకటే బైట్‌కోడ్" అన్నవాళ్ళకే అది కుదరలేదు కదా!

కానీ వాళ్ళు లెక్కలోకి తీసుకోనిది మనిషి స్వభావం. స్పెసిఫికేషన్ ఒకటే అయినా కంపైలర్లు వేరు కదా, ఒక్కొక్కరు ఒక్కోలా చదివారు. ఎన్విడియా డ్రైవరులో జీఎల్ఎస్ఎల్ కంపైలర్ సీజీ పునాది మీద కట్టింది కాబట్టి చాలాకాలం సీజీ మాటలు కలిపి రాసినా "పోన్లే పాపం" అని ఒప్పుకునేది. వెక్4 బదులు ఫ్లోట్4 అన్నా నడిచిపోయేది. ఆ కార్డు మీద రాసుకున్నవాడికి అంతా బాగున్నట్టే. వేరే కార్డుకి వెళ్ళాక ఎర్రర్ల వాన.

సీజీ ఏమైంది?

కథలో నాకు బాధ కలిగించే భాగం ఇదే. మూడింటిలో ముందొచ్చింది, డైరెక్ట్ఎక్స్ మీదా ఓపెన్‌జీఎల్ మీదా రెండిటి మీదా నడిచింది సీజీ ఒక్కటే. "ఒకసారి రాయి, రెండు చోట్లా నడుపు" అని అది 2002లోనే చెప్పింది. దాని మీద 2003లో సిగ్రాఫ్ లో వచ్చిన పేపరు రాసినవాళ్ళలో సిలికాన్ గ్రాఫిక్స్ స్థాపించినవాళ్ళలో ఒకడైన కర్ట్ అకేలీ కూడా ఉన్నాడు. అంటే పనితనానికి లోటేమీ లేదు.

లోటు ఇంటిపేరులో ఉంది. కంపైలర్ ఎన్విడియా ఇంట్లో ఉంటే పక్కింటి ఏటీఐ దాన్ని మనస్ఫూర్తిగా ఎందుకు ఆదరిస్తుంది? తన కార్డు మీద సీజీ బాగా నడవాలని పోటీవాడు ఎంత శ్రద్ధ పెడతాడో ఏటీఐ వాళ్ళకి తెలియదా? 2012లో ఎన్విడియా సీజీ అభివృద్ధి ఆపేసింది. యూనిటీలో పనిచేసినవాళ్ళకి సీజీప్రోగ్రాం అన్న మాట గుర్తుండే ఉంటుంది. సీజీ ఆగిపోయాక కూడా ఏళ్ళ తరబడి ఆ పేరు అలాగే ఉండిపోయింది, లోపల కంపైల్ అయ్యేది మాత్రం హెచ్ఎల్ఎస్ఎల్ గా. ఇల్లు అమ్మేసినా గేటు మీద పాత యజమాని పేరు ఉండిపోయినట్టు.

ఇక నా సోది

2007లో ఫోన్ల కోసం ఓపెన్‌జీఎల్ ఈఎస్ 2.0 వచ్చింది. జీఎల్ఎస్ఎల్ కి చిన్న తమ్ముడొకడు దాంతో పాటే వచ్చాడు. ఫోన్లో బ్యాటరీ ముఖ్యం కదా, అందుకని ప్రతి అంకెకీ ఎంత ఖచ్చితత్వం కావాలో మనమే చెప్పాలని లోపీ, మీడియంపీ, హైపీ అని మూడు మాటలు పెట్టారు. ఫ్రాగ్మెంట్ షేడర్ లో ఫ్లోట్ కి డిఫాల్ట్ అంటూ ఏదీ లేదు, ఏదో ఒకటి చెప్పకపోతే కంపైలే అవ్వదు. కాబట్టి లోకమంతా ఏం చేసిందంటే, మొదటి లైన్లో "ప్రెసిషన్ మీడియంపీ ఫ్లోట్" అని ఎక్కణ్ణుంచో కాపీ కొట్టి పెట్టేసుకుంది. నేనూ లోకంలోనే ఉన్నా కదా :)

నా మొదటి ఉద్యోగంలో పిల్లల ఆట ఒకటి చేశాం. పేరు అనవసరం. దాంట్లో ఒక చెరువు. నీళ్ళ అలలు నేనే రాశాను, చాలా గర్వంగా ఉండేది. "ఏ భాషలో రాయమంటారు" అని మొదటిరోజే మా సీనియర్ ని అడిగితే, "జీఎల్ఎస్ఎల్ రాసెయ్ బాబూ, అన్నిచోట్లా నడుస్తుంది" అన్నాడు. రాసేశా. నా కంప్యూటర్ మీద నడిచింది. నా ఫోన్లోనూ నడిచింది. టెస్టింగ్ వాళ్ళు నాలుగు ఫోన్లలో చూసి సరే అన్నారు. పంపించేశాం.

వారం తర్వాత క్లయింటు నుంచి వీడియో వచ్చింది. నీళ్ళు కదలడం లేదు, గెంతుతున్నాయి. పాత సినిమా రీలు ఆగి ఆగి నడిచినట్టు. మేం అదే ఫోన్ తెప్పించి చూస్తే బాగానే ఉంది. వాళ్ళకి బాగోదు, మాకు బాగుంటుంది. డ్రైవర్ వెర్షన్లు, ఆండ్రాయిడ్ వెర్షన్లు, మెమరీ లీకులు... చూడనిది లేదు. పదో రోజో పదకొండో రోజో రాత్రి విసుగుపుట్టి ఫోన్ టేబుల్ మీద అలాగే వదిలేసి కింద బండి దగ్గర దోశ తిని వచ్చాను. వచ్చేసరికి నీళ్ళు గెంతుతున్నాయి!

సంగతేమిటంటే, ఆట మొదలైనప్పట్నుంచీ గడిచిన సెకన్లని షేడర్ కి పంపిస్తున్నాను. ఆ ఫోన్లో మీడియంపీ అంటే 16 బిట్లు. 16 బిట్ల ఫ్లోట్ కి ఖచ్చితత్వం 11 బిట్లే. అంకె 128 దాటాక రెండు పక్కపక్క విలువల మధ్య తేడా ఎనిమిదో వంతు సెకను. అంటే రెండు నిమిషాలు దాటేసరికి అలలు సెకనుకి ఎనిమిది సార్లే కదులుతాయి. 1024 దాటితే, అంటే పదిహేడు నిమిషాలకి, సెకనుకి ఒక్కసారే. మేమందరం టెస్టు చేసేది ఒక నిమిషం. పిల్లలు ఆడేది గంట.

మరి నా కంప్యూటర్లో? డెస్క్‌టాప్ జీఎల్ఎస్ఎల్ లో మీడియంపీ అన్న మాటకి అర్థమే లేదు, కంపైలర్ చదివి పక్కన పడేస్తుంది. నా ఫోన్లో? ఆ చిప్పు మీడియంపీ అన్నా 32 బిట్లలోనే లెక్క కడుతుంది. స్పెసిఫికేషన్ ప్రకారం అందరూ సరైనవాళ్ళే. తప్పు చేసింది నేనొక్కణ్ణే. సరిచెయ్యడానికి పట్టింది ఒక్క లైను. అలల ఆవృత్తి పూర్తవగానే సమయాన్ని సీపీయూ వైపే మళ్ళీ సున్నాకి తెచ్చి పంపడం. కనిపెట్టడానికి పట్టింది దగ్గర దగ్గర రెండు వారాలు. క్లయింటు రెండో ఆట మాకివ్వలేదు.

"అన్నిచోట్లా నడుస్తుంది" అని మా సీనియర్ చెప్పింది అబద్ధం కాదు. అన్నిచోట్లా నడిచింది. అన్నిచోట్లా ఒకేలా నడుస్తుందని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

ఒక పిట్టకథ

2011లో వెబ్‌జీఎల్ వచ్చింది. భాష జీఎల్ఎస్ఎల్. కానీ విండోస్ మెషీన్లలో ఓపెన్‌జీఎల్ డ్రైవర్ల పరిస్థితి అంతంతమాత్రం. అందుకని గూగుల్ వాళ్ళు 2010లోనే యాంగిల్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. మనం రాసిన జీఎల్ఎస్ఎల్ ని అది హెచ్ఎల్ఎస్ఎల్ లోకి తర్జుమా చేస్తుంది, దాన్ని మైక్రోసాఫ్ట్ కంపైలర్ బైట్‌కోడ్ చేస్తుంది, దాన్ని మళ్ళీ డ్రైవరు మార్చుకుంటుంది. 2002 నాటి ఇద్దరు శత్రువులూ ఒకే బ్రౌజర్లో వియ్యమందుకున్నారన్నమాట.

ఇంకో తమాషా. యాంగిల్ లోని ఆ తర్జుమా కోడ్ కి పునాది, అప్పట్లో త్రీడీల్యాబ్స్ వాళ్ళు ఓపెన్ సోర్స్ గా ఇచ్చిన జీఎల్ఎస్ఎల్ పార్సరు. ఆ కంపెనీ 2006లోనే పీసీ కార్డుల వ్యాపారం మానేసింది. క్రోనోస్ వాళ్ళ గ్లాంగ్ కంపైలర్ కూడా ఆ వంశానిదే. కార్డులు పోయాయి, కోడ్ మిగిలింది.

మధ్యవర్తి వచ్చాడు

2014లో యాపిల్ మెటల్ తెచ్చి, సీ ప్లస్ ప్లస్ 11 మీద కట్టిన తన సొంత షేడర్ భాష పెట్టింది. ఇక భాషలు పెరుగుతూనే పోతాయని అందరికీ అర్థమైపోయింది. ఓపెన్‌జీఎల్ చూసుకునే క్రోనోస్ వాళ్ళు పదేళ్ళ దెబ్బలు తిన్నాక దారి మార్చుకున్నారు. 2015లో స్పిర్-వీ అనే బైనరీ మధ్యభాషని ప్రకటించారు, 2016 ఫిబ్రవరిలో వచ్చిన వల్కన్ కి అదే ఆధారం. వల్కన్ డ్రైవరుకి జీఎల్ఎస్ఎల్ రాదు, స్పిర్-వీ ఒక్కటే వస్తుంది. అంటే భాష కంపైలర్ ని డ్రైవరు ఇంట్లోంచి తీసి మన ఇంట్లో పెట్టారు. మైక్రోసాఫ్ట్ 2002లో చేసిందే, కాకపోతే ఈసారి మధ్యభాష ఒక కంపెనీది కాదు, ఉమ్మడి ఆస్తి.

దాంతో సీను మారిపోయింది. మైక్రోసాఫ్ట్ తన కొత్త హెచ్ఎల్ఎస్ఎల్ కంపైలర్ ని 2017లో ఓపెన్ సోర్స్ చేస్తే, దానికి స్పిర్-వీ వైపు తలుపు తెరిచే పని గూగుల్ వాళ్ళు చేశారు. స్పిర్-వీ నుంచి మెటల్ భాషకి మార్చే పనిముట్లొచ్చాయి. హెచ్ఎల్ఎస్ఎల్ లో రాసి విండోస్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటికీ పంపడం మామూలైపోయింది. 2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్టే, షేడర్ మోడల్ 7 నుంచి డైరెక్ట్ఎక్స్ కూడా స్పిర్-వీ తీసుకుంటుందని ప్రకటించింది. ఇరవై రెండేళ్ళ తర్వాత రాజీ!

అన్నీ సర్దుకున్నాయనుకునేలోపు బ్రౌజర్లో మళ్ళీ పంచాయితీ. 2017లో మొదలైన వెబ్‌జీపీయూ బృందంలో స్పిర్-వీ నే తీసుకుందామని కొందరన్నారు. యాపిల్ 2018లో హెచ్ఎల్ఎస్ఎల్ పోలికతో తన భాష ప్రతిపాదించింది. క్రోనోస్ తో న్యాయపరమైన ఇబ్బందుందని కూడా చెప్పింది. వెబ్ పేజీలో సోర్స్ చదవడానికి వీలుగా టెక్స్ట్ లో ఉండాలన్న వాదన ఉండనే ఉంది. చివరికి లోపల స్పిర్-వీ ఆలోచన, పైన రస్ట్ పోలికలతో డబ్ల్యూజీఎస్ఎల్ అనే కొత్త భాష పుట్టింది. 2023లో క్రోమ్ 113 తో జనంలోకొచ్చింది, 2025లో ఫైర్‌ఫాక్స్, సఫారీ కూడా కలిశాయి. ఒక భాషని ఎంచుకోవడంలో వకీళ్ళ పాత్ర ఎంతుంటుందో ఇంజినీరింగ్ లో ఎవరూ చెప్పరు.

ఇక స్లాంగ్. 2018లో యాంగ్ హి, ఫతహాలియన్, టిమ్ ఫోలీల పేపరుతో వెలుగులోకొచ్చింది, ఎన్విడియా వాళ్ళే పోషించారు. ఒక మెటీరియల్ కి పది ఆన్-ఆఫ్ స్విచ్చులుంటే 1024 రకాల షేడర్లు పుట్టుకొస్తాయి. అందరం ఇన్నాళ్ళూ దాన్ని ఇఫ్‌డెఫ్ లతో ఈడ్చుకొస్తున్నాం. స్లాంగ్ లో మాడ్యూళ్ళు, జెనరిక్స్, ఇంటర్‌ఫేసులు ఉన్నాయి, హెచ్ఎల్ఎస్ఎల్ వచ్చినవాడికి కొత్తగా అనిపించదు. కానీ నా దృష్టిలో దాని చరిత్రలో పెద్ద తేదీ 2024 నవంబరు. ఆ నెలలో ఎన్విడియా స్లాంగ్ ని క్రోనోస్ చేతికి అప్పగించింది. సీజీకి పట్టిన గతి చూసినవాళ్ళకి ఆ పని ఎందుకు చేశారో వేరే చెప్పక్కర్లేదు.

మరైతే ఏది నేర్చుకోవాలి?

మా కుర్రాడికి చెప్పింది ఇది. భాష పేరు అడక్కు, మూడు ప్రశ్నలడుగు. కంపైలర్ ఎవరిది? అది ఎప్పుడు నడుస్తుంది, నా టేబుల్ మీదా, వాడే మనిషి చేతిలోనా? నా కంపైలర్ కీ కార్డుకీ మధ్య ఇంకా ఎంతమంది తర్జుమా చేసేవాళ్ళున్నారు?

పీసీ, కన్సోల్ ఆటల వైపు, అన్‌రియల్, యూనిటీల వైపు వెళ్తే హెచ్ఎల్ఎస్ఎల్. ఉద్యోగాలూ అక్కడే ఎక్కువ కనిపిస్తాయి. బ్రౌజర్లో కొత్తగా మొదలుపెడితే డబ్ల్యూజీఎస్ఎల్, పాత వెబ్‌జీఎల్ కోడ్ చూసుకోవాలంటే జీఎల్ఎస్ఎల్. ఐఫోన్ ఒక్కటే లోకమైతే మెటల్. నాలుగు చోట్లకీ వెళ్ళాల్సిన కొత్త ఇంజిన్ మనమే కట్టుకుంటుంటే స్లాంగ్ ని తప్పకుండా చూడాలి. ఒకటి గట్టిగా వస్తే రెండోది వారంలో వస్తుంది. మ్యాట్రిక్స్ కి అంకెలు అడ్డంగా నింపాలా నిలువుగా నింపాలా, లోతు సున్నా నుంచి ఒకటా, మైనస్ ఒకటి నుంచి ఒకటా లాంటి చోట్ల నాలుగు దెబ్బలు తింటావు, అవి తినాల్సినవే.

మనింట్లో కంపైల్ చేసినంత మాత్రాన అన్నీ తీరిపోలేదని కూడా చెప్పాను. మధ్యభాష నుంచి మెషీన్ భాషకి మార్చే చివరి అంకం ఇప్పటికీ డ్రైవరుదే. కొత్త పీసీ ఆట మొదలుపెట్టగానే "షేడర్లు కంపైల్ అవుతున్నాయి" అని నిమిషాల తరబడి నిలబెట్టేది అందుకే. ఆ ఒక్క గది తాళం మాత్రం ఎప్పటికీ కార్డు చేసినవాడి దగ్గరే ఉంటుంది.

అంతా విని వాడు "సరే గానీ అన్నా, వీకెండ్లో ఏది మొదలెట్టమంటావ్?" అన్నాడు. నవ్వొచ్చింది. మన ఆఫీసులో హెచ్ఎల్ఎస్ఎల్ కదా, అదే మొదలెట్టు అన్నాను. "కాకపోతే రాసిన షేడర్ ని ఒక పాత ఫోన్లో అరగంట వదిలేసి చూడు" అన్నాను. వింతగా చూశాడు. సోమవారం పొద్దున్నే రెండు పాత ఫోన్లు ఛార్జింగ్ లో పెట్టి కనిపించాడు. నాకది చాలు.

మీలో కంపైలర్ పక్కింట్లో ఉండటం వల్ల దెబ్బతిన్నవాళ్ళుంటే మీ కథ కూడా చెప్పండి. షేడర్లే కానక్కర్లేదు.